బాబు పడుకున్నారు

ఆ ఉదయం ఆ ఇంట్లో వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇల్లాలు ఒక్క రాత్రి హాయిగా నిద్రపోవాలి. అంతే.

మర్నాడు ఆమెకు పరీక్ష. సర్వే ఆఫీసులో పటాలు గీసే ఉద్యోగం ఆమెది. అందులో ఒక మెట్టు పైకెక్కాలంటే పెద్దసారు ఎదురుగా కూర్చుని, ఒక వీధి పటం మొత్తం చేత్తో గీసి చూపించాలి. కంప్యూటర్లు వచ్చి ఎన్నేళ్ళయినా ఆ ఆఫీసువాళ్ళు ఈ పరీక్షను మాత్రం వదల్లేదు. పోయినసారి జ్వరం వచ్చి తప్పిపోయింది. ఈసారి కూడా తప్పితే మళ్ళీ ఎప్పుడు పెడతారో పెద్దసారుకే తెలియదు. ఇంట్లో చూస్తే నెల దాటిన చంటివాడు. పగలంతా బుద్ధిగా పడుకుంటాడు. దీపాలు ఆర్పగానే వాడికి తెల్లవారుతుంది.

"ఇదిగో, చూడండి," అంటూ ఆమె బల్లమీదున్న న్యూస్ పేపరు అంచున పెన్సిలుతో ఒక గీత గీసింది. గీత మొదట్లో బాగానే ఉంది. సగం దూరం పోయాక వణికింది. చివర్లో ఓపిక లేనట్టు కిందికి జారిపోయింది. "రేపు ఇలా గీశానంటే ఒకళ్ళ పెరట్లో బావి ఇంకొకళ్ళ వంటింట్లో తేలుతుంది."

నవ్వుతూనే అంది గాని, మాట పూర్తయ్యేసరికి ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది చూసి భర్తకు మనసు చివుక్కుమంది. నెల్లాళ్ళుగా అతనికీ నిద్ర లేదు. కాని అతను నిద్ర లేకుండా ఆఫీసుకు వెళ్తున్నాడు, ఆమె నిద్ర లేకుండా ఇంట్లోనే ఉంది. రెండూ ఒకటి కావని అతనికి తెలుసు.

"ఇవాళ రాత్రికి మనిషిని పెడదాం," అన్నాడు గంభీరంగా. "రాత్రుళ్ళు వచ్చి చూసుకునేవాళ్ళను పంపే ఏజెన్సీ ఉందట. నువ్వు మా అమ్మ గదిలో పడుకో. పొద్దున లేచి పరీక్షకు వెళ్ళు. మిగతాదంతా నేను చూసుకుంటాను."

"మీరు చెబితే వాళ్ళకు అర్థమవుతుందా?"

ఈ మాట మరెవరినైనా అంటే చెల్లుతుంది గాని అతన్ని అనకూడదు. ఎందుకంటే మిక్సీలు, ఫ్యాన్లు, ఇస్త్రీ పెట్టెలు తయారుచేసే కంపెనీలో, వాటి అట్టపెట్టెల్లో పెట్టే 'వాడే విధానం' కాగితాలు రాసేది అతనే. ఆఫీసులో అతని అసలు పేరు ఏనాడో మరిచిపోయారు. అందరికీ అతను 'విధానం'. మూత పెట్టకుండా మీట నొక్కరాదని, తడిచేతులతో ప్లగ్గు ముట్టుకోరాదని రెండర్థాలకు తావులేకుండా రాయడంలో తనను మించినవాడు లేడని అతని నమ్మకం. తన కాగితం చదివి పొరపడినవాడు ఇంతవరకూ లేడని చెప్పుకుంటాడు. అసలు చదివినవాడే లేడని పక్క సీటాయన అంటాడు.

"డబ్బిచ్చి జోల పాడించుకుంటారుట్రా బాబూ?" అంది విధానం తల్లి, చంటివాణ్ణి ఒళ్ళో ఊపుతూ. "మేమంతా పెంచలేదూ? ఏడవకు నాన్నా, ఏడవకు. ఈ ఒక్క రాత్రికి నేను చూసుకోనూ?"

ఆవిడ చూసుకుంటానని అన్నది మనస్ఫూర్తిగానే. కాని ఆవిడ పడుకుంటే పక్కన పిడుగు పడ్డా లేవదని ఇంటిల్లిపాదికీ తెలుసు. అందుకే కోడలు ఇంకో విషయం ఎత్తింది.

"అత్తయ్యా, ఆయన్ని బాబూ అని పిలవనన్నారుగా. ఇప్పుడింట్లో బాబు ఒకడున్నాడని."

"అవునవును, మర్చిపోయా," అని ఆవిడ నాలిక కరుచుకుంది. "అలవాటమ్మా. మానేస్తాలే బాబూ," అంది కొడుకుతో.

మధ్యాహ్నం విధానం ఆఫీసులో టెస్టింగు గది మూలకు వెళ్ళి ఏజెన్సీకి ఫోను చేశాడు. అవతల ఒక అమ్మాయి ఎత్తింది.

"రాత్రిపూట మనిషి ఎవరికి కావాలండీ?"

"బాబుకి."

"బాబుగారికి ఏమిటండీ ఇబ్బంది?"

"రాత్రిళ్ళు నిద్రపోడు. రెండు గంటలకోసారి లేస్తాడు. పాలపొడి డబ్బా ఉంది, గోరువెచ్చగా కలిపి పట్టించాలి. తాగాక తేన్పు వచ్చేదాకా వీపు తట్టాలి, లేకపోతే కక్కేస్తాడు. పక్క తడుపుతాడు, కింద రబ్బరు షీటు వెయ్యాలి. మెడ నిలవదు, కాబట్టి ఎత్తేటప్పుడూ పడుకోబెట్టేటప్పుడూ మెడకింద చెయ్యి ఉండాలి."

ఇంత స్పష్టంగా ఇంకెవరు చెప్పగలరు అనుకున్నాడు విధానం.

"అయ్యో పాపం," అంది ఫోను అమ్మాయి. "ఎన్నాళ్ళ నుంచండీ ఇలా?"

"పుట్టినప్పటి నుంచీ."

"అయ్యయ్యో! వయసెంతండీ?"

విధానం చెప్పాడు. సరిగ్గా అప్పుడే పక్కన ఎవరో కొత్త మిక్సీని పరీక్షించడానికి మీట నొక్కారు. గది దద్దరిల్లిపోయింది. మీకు సిగ్నల్ సరిగ్గా లేదు, ఇంటి నంబరివ్వండి, మిగతావి ఇంట్లోవాళ్ళను కనుక్కుంటాం అంది ఆ అమ్మాయి. ఇచ్చాడు. పనయిపోయిందని టీ తాగడానికి వెళ్ళాడు.

ఇప్పుడు మనం అతన్ని టీ దగ్గర వదిలేసి ఒకసారి ఇంటికి వెళ్ళాలి. ఈ కథలో జరగాల్సిన నష్టమంతా అక్కడే జరిగింది. అతనికి అది మర్నాటిదాకా తెలియదు గాని మనకు ఇప్పుడే తెలియడం మంచిది. కోడలు, మనవడు లోపలి గదిలో కునుకు తీస్తున్నారు. హాల్లో ఫోను మోగితే పెద్దావిడ ఎత్తింది.

"బాబుగారి ఇల్లేనాండీ?"

"ఆ, బాబు వాళ్ళమ్మను మాట్లాడుతున్నా."

"మనిషిని పంపేముందు బాబుగారి గురించి కొన్ని వివరాలు కావాలమ్మా."

పెద్దావిడకు ఏజెన్సీ మీద ఒక్కసారిగా గౌరవం పెరిగింది. పరాయి ఇంటికి రాత్రిపూట మనిషిని పంపుతున్నారు, ఆ ఇంటాయన ఎలాంటివాడో వాకబు చేసుకుంటున్నారు, మంచివాళ్ళు అనుకుంది. కొడుకు గురించి నాలుగు మంచి మాటలు చెప్పడానికి కుర్చీ లాక్కుని మరీ కూర్చుంది. మనవడు పుట్టి నెలే అయింది, వాడు ఇంకా 'చంటాడే'. ఆవిడ నోట 'బాబు' అంటే ఒక్కడే.

"వయసెంతమ్మా?"

"మొన్ననే ముప్ఫయ్యారు నిండాయి."

అవతల అమ్మాయి ఆ అంకె రెండుసార్లు గొణుక్కుంది. "బరువు?"

"ఎప్పుడూ తూచలేదు గాని, మంచం కోళ్ళు ఒకసారి మార్పించాం."

"తనంతట తాను తింటారా?"

"పళ్ళెం చేతికిస్తే తింటాడు. ఇవ్వకపోతే అలాగే కూచుంటాడు."

"మాటలొచ్చాయా అమ్మా?"

వింత ప్రశ్నే అయినా, తక్కువ మాట్లాడే మనిషా అని అడుగుతున్నారనుకుంది పెద్దావిడ. "ఎక్కువ మాట్లాడడు. మనం ఏదైనా అడిగితే ఊ అంటాడు."

"కోపం గాని, చెయ్యి చేసుకోవడం గాని..."

"ఛ ఛ! చీమకు కూడా హాని చెయ్యడు. నిద్రలో కాస్త కాళ్ళు విసురుతాడంతే. చెవులు కప్పి అరికాళ్ళు రాస్తే అదీ ఉండదు."

ఫోను అమ్మాయి ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. "ఇన్నేళ్ళూ మీరొక్కరే చూసుకున్నారా అమ్మా?"

"పెళ్ళిదాకా నేనే. తరవాత కోడలు చూసుకుంటోంది."

"పెళ్ళి కూడా చేశారా!"

"ఎందుకు చెయ్యం? లక్షణంగా చేశాం," అంది పెద్దావిడ కాస్త నొచ్చుకుని.

"మీ ఓపికకు దండం పెట్టాలమ్మా. కాస్త బలమైన మనిషిని పంపిస్తాం," అని ఆ అమ్మాయి ఫోను పెట్టేసింది. చంటాణ్ణి ఎత్తుకోవడానికి అంత బలమెందుకో పెద్దావిడకు అర్థం కాలేదు. బలం ఉంటే మంచిదేగా అనుకుని ఊరుకుంది.

సాయంత్రం విధానం ఇంటికొచ్చి సోఫాలో కూలబడ్డాడు. భార్య లోపల తలుపు వేసుకుని చంటివాడికి పాలిస్తూ, మరో చేత్తో పాత పటాలు తిరగేసుకుంటోంది. అంతలో గంట మోగింది. పెద్దావిడ తలుపు తీసింది. గుమ్మం నిండా తెల్లచొక్కా కనిపించింది. తల ఎక్కడుందో చూడటానికి ఆవిడ మెడ పైకెత్తాల్సి వచ్చింది. నెరిసిన జుట్టు ముడి వేసుకున్న ఏ ముసలమ్మో వస్తుందని చూస్తున్న ఇంటికి, తలుపుకు సరిపడా మగమనిషి చేతిసంచితో వచ్చి నిలబడ్డాడు.

"ఏజెన్సీ నుంచి వచ్చానమ్మా," అన్నాడు. ఆ ఒంటికి అంత మెత్తటి గొంతు ఎలా వచ్చిందో గాని, ఆ గొంతు వింటేనే ఆవులింత వచ్చేలా ఉంది. "బాబు ఎక్కడున్నారు?"

"అదిగో, ఇప్పుడే వచ్చి సోఫాలో పడ్డాడు," అంది పెద్దావిడ. కొడుకుతో మాట్లాడుకుంటాడులే అనుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

తెల్లచొక్కా నెమ్మదిగా వచ్చి విధానం ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "ఏం బాబూ, అలసిపోయారా?" అంటూ అతని బూట్లు విప్పాడు.

విధానం కంగారుపడ్డాడు. అయితే మగవాళ్ళను 'బాబూ' అనడం మర్యాదే. బూట్లు విప్పడం కాస్త ఎక్కువ మర్యాద. అంతకుమించి అనుమానించడానికి అతనికి ఏమీ తోచలేదు.

"బాబుని ఎలా చూసుకోవాలో ఫోన్లో అంతా చెప్పాను. మీకు చెప్పారు కదా?"

"అంతా చెప్పారు బాబూ. మీరేం దిగులుపడకండి."

"అయినా ఒకసారి చూపిస్తే బావుంటుంది," అన్నాడు విధానం. అతని కంపెనీలో ఏ వస్తువైనా డెమో లేనిదే గేటు దాటదు. మనిషికి మాత్రం ఎందుకుండకూడదు?

"చూపిస్తాను బాబూ. రండి, పడుకోండి."

ఆహా, నా మీదే చేసి చూపిస్తాడన్నమాట అనుకున్నాడు విధానం. లేచి పక్కగదిలో మంచం దగ్గరికి వెళ్ళాడు. తెల్లచొక్కా సంచిలోంచి రబ్బరు షీటు తీసి మంచం పొడుగునా పరిచాడు. మెడకింద చెయ్యి వేసి అతన్ని పడుకోబెట్టాడు. విధానం మనసులో ఒక్కొక్కటే సరిచూసుకున్నాడు. రబ్బరు షీటు, సరే. మెడకింద చెయ్యి, సరే. తను చెప్పిన మాట పొల్లుపోకుండా పాటించిన మనిషిని జీవితంలో మొదటిసారి చూస్తున్నాడు.

తరవాత తెల్లచొక్కా వంటింట్లోకి వెళ్ళి డబ్బాపాలు కలిపి పెద్ద గ్లాసు నిండా తెచ్చాడు. వేడి సరిపోయిందో లేదో తననే చెప్పమంటున్నాడనుకుని విధానం ఒక గుక్క తాగి, "సరిపోయింది," అన్నాడు. "మొత్తం తాగాలి బాబూ," అన్నాడతను బుజ్జగిస్తూ. ఇంత కచ్చితమైన డెమోను మధ్యలో ఆపడం మర్యాద కాదనిపించి విధానం మొత్తం తాగేశాడు. వెంటనే రోకలిలాంటి చెయ్యి వీపు మీద లయగా పడటం మొదలైంది. నాలుగో దెబ్బకు గది ప్రతిధ్వనించేలా తేన్పు వచ్చింది.

"అద్భుతం," అన్నాడు విధానం ఊపిరి అందుకుని. "ఇంక బాబుని తీసుకొస్తాను."

"ఒక్క నిమిషం కళ్ళు మూసుకోండి బాబూ. అరికాళ్ళు ఒక్కటీ మిగిలిపోయింది."

అరికాళ్ళ సంగతి తను చెప్పలేదే అని విధానం ఆశ్చర్యపోయాడు. తను మరిచిపోయింది కూడా వీళ్ళు చేరుస్తున్నారు! దుప్పటి చెవుల మీదికి వచ్చింది. అరికాళ్ళ మీద బొటనవేళ్ళు నెమ్మదిగా తిరిగాయి. ఒక్క నిమిషమేగా అనుకుని కళ్ళు మూసుకున్నాడు.

కళ్ళు తెరిచేసరికి కిటికీలోంచి ఎండ మొహాన పడుతోంది.

నెల తరవాత మొదటిసారి ఒళ్ళు దూదిలా తేలిగ్గా ఉంది. హాయిగా ఒళ్ళు విరుచుకున్నాడు. కింద రబ్బరు షీటు కిర్రుమంది. ఆ చప్పుడుతో నిన్న జరిగిందంతా ఒక్కసారి గుర్తొచ్చింది. డెమో తను చూశాడు. అసలు పని ఎవరు చూశారు? చంటివాడు ఎవరి దగ్గరున్నాడు? ఆమె పడుకుందా? కళ్ళముందు న్యూస్ పేపరు అంచు మీది గీత వణుకుతూ కిందికి జారింది. దుప్పటి కాళ్ళకు చుట్టుకుంటే అలాగే ఈడ్చుకుంటూ హాల్లోకి పరిగెత్తాడు.

సోఫాలో తెల్లచొక్కా కూర్చుని ఉన్నాడు. చొక్కా ఇప్పుడు తెల్లగా లేదు, భుజం మీద పాలమరకలు ఎండిపోయి ఉన్నాయి. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. ఆ భుజం మీద చంటివాడు కప్పలా అతుక్కుని నిద్రపోతున్నాడు.

"ష్," అన్నాడు తెల్లచొక్కా తల తిప్పకుండానే. "బాబు పడుకున్నారు, లేస్తారు." తరవాత తలెత్తి చూసి, "అయ్యో, లేచేశారా బాబూ!" అని నీరసంగా నిట్టూర్చాడు.

వంటింటి గుమ్మంలో తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియడం లేదు.

"నాదేరా తప్పంతా," అంది. "నిన్న వాళ్ళు ఫోన్లో బాబు సంగతి అడిగితే నీ సంగతి చెప్పా. వయసుతో సహా."

విధానం ఒక్కొక్కటే వెనక్కి వెళ్ళి సరిచూసుకున్నాడు. రబ్బరు షీటు, పాలగ్లాసు, తేన్పు. "అంటే ఇతను రాత్రంతా..."

"నిన్ను పడుకోబెట్టి గుమ్మానికడ్డంగా స్టూలేసుకుని కూచున్నాడు. కోడలమ్మాయి వచ్చి బాబుని పట్టుకోండి అంటే, బాబు ఇప్పుడే పడుకున్నారమ్మా అన్నాడు. మరి వీడెవడండీ అంది అమ్మాయి. అప్పుడు బయటపడింది. నిన్ను లేపబోతే ఒప్పుకోడే! పేషెంటును నిద్రలో లేపనివ్వనన్నాడు. పైగా చంటాణ్ణి దూరంగా తీసుకుపొమ్మన్నాడు, బాబుకు నిద్రాభంగమట."

"మరి తను ఏమంది?"

"మొదట మండిపడింది. ఏజెన్సీకి ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. తరవాత కాసేపు కూచుని ఆలోచించింది. మీ డ్యూటీ ఏమిటో సరిగ్గా చెప్పండి అంది. తెల్లారేదాకా బాబు లేవకుండా చూడటం అన్నాడు. చంటిపిల్లల్ని ఎత్తుకోవడం చేతనవునా అంది. ఈయన ఊరుకోక నోరు జారాడు."

తెల్లచొక్కా దోషిలా తల వంచుకున్నాడు. "మా ఇంట్లో కవలలు బాబూ. రెండు నెలలవాళ్ళు. ఒకడు ఆపితే ఇంకొకడు అందుకుంటాడు. అందుకే బతిమాలి నైట్ డ్యూటీ వేయించుకున్నా. పెద్ద వయసు పేషెంట్లయితే ఒకసారి పడుకున్నాక మనమూ కుర్చీలో ఒక కునుకు తియ్యొచ్చని. ఆ మాట అమ్మగారితో అనకుండా ఉండాల్సింది."

"ఇంకేం!" అంది తల్లి. "అమ్మాయి చంటాడి ఊయల తెచ్చి నీ మంచం పక్కనే పెట్టింది. వీడు ఏడిస్తే మీ బాబు లేస్తారు, జాగ్రత్త, అని చెప్పి నా గదిలోకొచ్చి గడియ పెట్టుకుంది. అంతే, వీడు కిక్కుమనబోయినప్పుడల్లా ఈయన వీణ్ణెత్తుకుని హాల్లోకి పరుగట, పొద్దున ఈయనే చెప్పాడు. నీ నిద్ర కోసం రాత్రంతా వీణ్ణి మోశాడు పాపం."

అప్పుడు తల్లి గది గడియ తీసిన చప్పుడైంది. భార్య బయటికి వచ్చింది. స్నానం చేసి, జుట్టు దువ్వుకుని, భుజాన ఆఫీసు సంచి వేసుకుని ఉంది. కళ్ళకింద నెల రోజులుగా ఉన్న నలుపు చాలావరకు పోయింది. భర్తను పైనుంచి కిందిదాకా చూసి, బల్ల దగ్గరికి వెళ్ళి, పేపరు అంచున పెన్సిలు పెట్టి ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక గీత లాగింది.

గీత దారం పట్టినట్టు తిన్నగా ఉంది.

విధానానికి తెలియకుండానే కళ్ళు చెమర్చాయి. తను చేసిందేమీ లేదని, చెయ్యబోయినదంతా తలకిందులైందని తెలుసు. అయినా ఆ గీతను చూస్తే ప్రాణం లేచివచ్చింది. "క్షమించు," అన్నాడు. "నేను చెప్పింది స్పష్టంగానే..."

"చాలా స్పష్టంగా చెప్పారు," అంది ఆమె. "అందుకే చక్కగా పడుకున్నారు."

తెల్లచొక్కా చంటివాణ్ణి జాగ్రత్తగా విధానం చేతుల్లోకి మార్చాడు. మార్చేటప్పుడు ఇద్దరి మెడల కిందా చెయ్యి వేశాడు. మంచం మీది రబ్బరు షీటు మడిచి, సంచి సర్దుకుని, ఇల్లాలి వైపు భయంభయంగా చూశాడు. "ఈ రాత్రికి కూడా రమ్మంటారా అమ్మా?"

"అక్కర్లేదండీ. మాకు మనిషి దొరికాడు," అంది ఆమె చెప్పులు వేసుకుంటూ. "అనుభవం లేదు గాని, రాత్రంతా నిద్రపోయి ఉన్నాడు."

తెల్లచొక్కా విధానాన్ని జాలిగా చూశాడు. మడత పెట్టిన రబ్బరు షీటును సంచిలోంచి తిరిగి తీసి బల్లమీద పెట్టాడు. "ఉంచుకోండి బాబూ, పనికొస్తుంది," అని వెళ్ళిపోయాడు.

పెద్దావిడ కళ్ళు తుడుచుకుని ముందుకొచ్చింది. "ఇంత గొడవకూ నా నోరే కారణం. ఇక చచ్చినా నిన్ను బాబూ అనను. ఇవాళ్టి నుంచి నాన్నా అంటా. ఇంక పొరపాటుకు చోటే లేదు."

గుమ్మం దాటుతున్న కోడలు ఒక క్షణం ఆగి, అత్తగారిని, ఆవిడ కొడుకును, అతని చేతుల్లోని కొడుకును వరసగా చూసింది. ఏదో చెప్పబోయి, పరీక్షకు ఆలస్యమవుతుందని మానుకుని వెళ్ళిపోయింది.

విధానం ఆఫీసుకు సెలవు పెట్టాడు. పగలు బుద్ధిగా పడుకునే చంటివాడు ఆ పూట తండ్రి చేతుల్లో పడుకోనన్నాడు. రాత్రి భుజం అలవాటైన వాడికి ఈ భుజం ఇరుకైంది. హాలు ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగి తిరిగి విధానం కాళ్ళు పీక్కుపోయాయి. పాలు కలుపుదామంటే డబ్బాలో అడుగు కనిపిస్తోంది. అందులో తన వాటా ఎంతో అతనికి బాగా గుర్తుంది.

సాయంత్రం ఆమె వచ్చేసరికి అతను ఊయల పక్కన నేలమీద కూర్చుని ఉన్నాడు. గొంతు తగ్గించి, "పటం ఎలా వచ్చింది?" అని అడిగాడు.

"ఎవరి బావి వాళ్ళ పెరట్లోనే ఉంది," అంది ఆమె. నెల తరవాత ఆమె అలా నోరారా నవ్వింది. "పెద్దసారు భూతద్దం పెట్టి చూసి, ఇంత స్థిరమైన చెయ్యి ఈమధ్య చూడలేదన్నారు. నేను కాళ్ళు కడుక్కుని వస్తా, కాస్త చూస్తూ ఉండండి."

చూస్తూనే ఉంటానన్నాడు విధానం. నిజంగా చూద్దామనే అనుకున్నాడు. ఊయల ఊపుతూ ఊపుతూ, ఆ తాడు చేతిలో ఉండగానే తల పక్కకు వాలిపోయింది. చంటివాడూ అప్పుడే కళ్ళు మూశాడు. ఇల్లంతా ఎన్నాళ్ళకో నిశ్శబ్దంగా ఉంది. వంటింట్లోంచి పళ్ళెం పట్టుకుని వచ్చిన పెద్దావిడ నేలమీద కొడుకు అవస్థ చూసి కరిగిపోయింది. పొద్దున ఇచ్చిన మాట కూడా గుర్తుంచుకుంది.

"నాన్నా, లే నాన్నా!" అని ఆప్యాయంగా, కాస్త గట్టిగానే పిలిచింది.

ఇద్దరిలో చిన్నవాడు లేచాడు.